కొనాలా, దత్తత తీసుకోవాలా? గోదావరి డెల్టాలో కుక్కను తెచ్చుకునే ముందు

కుక్కను పెంచుకుందామని ఇంట్లో మాట రాగానే రెండు పక్షాలు తయారవుతాయి. వీధుల్లో ఇన్ని ప్రాణాలు ఆకలితో తిరుగుతుంటే డబ్బు పోసి జాతి కుక్కను కొనడం తప్పని ఒక పక్షం అంటుంది. ఎక్కడ పుట్టిందో, ఏ జబ్బు ఉందో తెలియని కుక్కను చిన్నపిల్లలున్న ఇంట్లోకి ఎలా తెస్తామని రెండో పక్షం అడుగుతుంది. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. అయితే రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం, అమలాపురం చుట్టుపక్కల ఇళ్లలోకి కుక్కపిల్లలు ఎలా వస్తున్నాయో గమనిస్తే, ఈ వాదనలో వినిపించే రెండు దారులూ కాని మూడో దారి ఒకటి కనిపిస్తుంది. ఫోనులో ఒక ఫొటో, ఒక ధర, కొంత అడ్వాన్సు, చివరికి బస్టాండు దగ్గర అట్టపెట్టెలో వణుకుతున్న ఒక పిల్ల. అమ్మిన మనిషి ఎవరో, తల్లి ఎక్కడుందో తెలియదు. తెచ్చుకున్నవారు మాత్రం తాము బ్రీడర్ (జాతి కుక్కలను పెంచి పిల్లలను అమ్మే మనిషి) దగ్గరే కొన్నామనుకుంటారు.

అందుకే కొనాలా, దత్తత తీసుకోవాలా అన్నదానికి ముందు తేల్చుకోవలసిన సంగతి మరొకటి ఉంది. ఈ కుక్క బతికే పది పన్నెండేళ్లలో ఎప్పుడు ఏ తేడా వచ్చినా, దీన్ని మనకు ఇచ్చినవారు మళ్లీ తలుపు తీస్తారా? తీసేవారైతే వారు బ్రీడరైనా సరే, దిక్కులేని కుక్కలకు చోటిచ్చే షెల్టర్ నడిపేవారైనా సరే, వారి దగ్గర కుక్కను తీసుకోవచ్చు. తీయనివారి దగ్గర మాత్రం జాతి కుక్కనూ తీసుకోకూడదు, ఊరకుక్కనూ తీసుకోకూడదు. ఈ ఒక్క గీత గీసుకుంటే మిగతా చిక్కుముడులు ఒక్కొక్కటిగా విడిపోతాయి.

బ్రీడర్ ఎవరు, దళారి ఎవరు

మంచి బ్రీడర్ దగ్గరికి వెళ్తే మొదట ప్రశ్నలు వేసేది వాళ్లే. సొంత ఇల్లా, అద్దె ఇల్లా? పగటిపూట ఇంట్లో ఎవరుంటారు? ఇంతకుముందు కుక్కను పెంచారా, అది ఏమైంది? జవాబులు నచ్చకపోతే పిల్లను ఇవ్వరు. వారి దగ్గర పిల్లలు ఎప్పుడు పడితే అప్పుడు ఉండవు కూడా. వచ్చే ఈత దాకా ఆగమంటారు. ఫోను చేసిన గంటలోనే ఐదారు జాతుల పిల్లల ఫొటోలు పంపి, ఏది కావాలో చెప్పమనే మనిషి దళారి. అతనికి పిల్ల ఎక్కడ పుట్టిందో తెలియకపోవచ్చు, తెలిసినా చెప్పడు.

పిల్లను చూడటానికి వెళ్లినప్పుడు తల్లిని చూపించమనాలి. ఏదో ఒక సాకుతో చూపించకపోతే అక్కడితో ఆ సంగతి వదిలేయాలి. చూపిస్తే దాని దగ్గర కాసేపు కూర్చోవాలి. మోచేతుల దగ్గర చర్మం మందంగా నల్లబడి, పుండు పడి ఉంటే అది రోజంతా గట్టి గచ్చు మీదే పడి ఉంటుందని అర్థం. గోళ్లు వంకర తిరిగి పెరిగి ఉంటే దానికి నడకే లేదన్నమాట. పాలిచ్చే తల్లి కాస్త చిక్కి ఉండటం, వెంట్రుకలు రాలడం సహజమే. యజమాని చెయ్యి కదలగానే మూలకు నక్కితే మాత్రం అది వేరే సంగతి. అలాంటి తల్లి దగ్గర పెరిగిన పిల్లలకు ఆ బెదురు అంటుకుంటుంది.

తర్వాత పిల్లను ఎత్తుకుని చూడాలి. ఒళ్లు బక్కగా ఉండి పొట్ట మాత్రం ఉబ్బి గట్టిగా తగిలితే లోపల నులిపురుగులు ఉన్నాయని అనుమానించాలి. పెదవి పైకెత్తితే చిగుళ్లు గులాబీ రంగులో ఉండాలి. తెల్లగా పాలిపోయి ఉంటే రక్తం లేదు. తోక కింద బొచ్చు తడిసి అంటుకుని ఉంటే విరేచనాలు అవుతున్నట్టే. ఇవి చూడటానికి పశువైద్యుడే కానక్కర్లేదు, రెండు నిమిషాల ఓపిక చాలు.

నేను అన్నిటికన్నా ఎక్కువగా నమ్మే ప్రశ్న ఇంకొకటి ఉంది. మీ దగ్గర ఈతలు ఆగిపోయిన పాత తల్లులు ఇప్పుడు ఎక్కడున్నాయి? బాధ్యత గల మనిషి వరండాలో పడుకున్న ముసలి కుక్కను చూపించి దాని పేరు చెబుతాడు, లేదా ఏ బంధువుల ఇంట్లో ఉందో చెబుతాడు. మిగతావారు మాట మారుస్తారు. ఊళ్ల శివార్లలో, రహదారుల పక్కన పొదుగు వేలాడుతూ తిరిగే ముసలి లాబ్రడార్లు, పామరేనియన్లు ఆ మార్చిన మాటల వెనక నుంచి వచ్చినవే.

చట్టం కూడా ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద కేంద్రం 2017లో కుక్కల పెంపకం, విక్రయాల నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదు చేసుకోవాలి. 18 నెలలు నిండని ఆడకుక్కతోనూ, ఎనిమిదేళ్లు దాటినదానితోనూ పిల్లలు పెట్టించకూడదు. ఏడాదిలో ఒక ఈతకు, జీవితకాలంలో ఐదు ఈతలకు మించకూడదు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. చర్మం కింద గుర్తింపు కోసం మైక్రోచిప్ వేయించాలి, టీకాల రికార్డు ఉంచాలి, కొన్నవారికి రసీదు ఇవ్వాలి. ఇవన్నీ కాగితం మీద ఉన్నంత గట్టిగా ఊళ్లలో అమలు కావడం లేదు. అయినా కొనేవారికి ఇవి పనికొస్తాయి. నమోదు పత్రం చూపించమని అడగ్గానే ఎదుటివారి ముఖం ఎలా మారుతుందో చూస్తే చాలా తెలుస్తుంది.

ఎనిమిది వారాల నిబంధనను చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. చిన్నగా ఉన్నప్పుడు తెస్తేనే మచ్చిక అవుతుందని ఊళ్లలో గట్టి నమ్మకం. కళ్లు తెరిచి పట్టుమని పది రోజులు కాని పిల్లను తెచ్చి పీకసీసాతో పాలు పట్టేవారూ ఉన్నారు. నిజానికి మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం దాకా కుక్కపిల్ల లోకాన్ని నేర్చుకునే కాలం. అందులో మొదటి సగం తల్లి దగ్గర, తోడబుట్టినవాటితో గడవాలి. ఆటలో గట్టిగా కొరికితే అవతలి పిల్ల అరిచి ఆట మానేస్తుంది. ఎంత గట్టిగా పళ్లు దించవచ్చో దానికి తెలిసేది అక్కడే. నాలుగో వారంలో విడదీసిన పిల్లకు ఆ పాఠం అందదు. ఏడాది తర్వాత అది ఇంట్లో పిల్లవాడి చేతిని పట్టుకున్నప్పుడు తప్పు కుక్కదే అంటారు.

కాగితం చెప్పనిది

చెన్నై కేంద్రంగా పనిచేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే ధ్రువపత్రాన్ని చూపించి అమ్మకందార్లు ధర పెంచుతారు. ఆ పత్రం చెప్పేది వంశం మాత్రమే. తల్లిదండ్రులు ఆరోగ్యంగా ఉన్నాయని గానీ, వాటిని బాగా చూసుకుంటున్నారని గానీ అది చెప్పదు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ జాతుల్లో తుంటి కీలు సరిగా కుదరకపోవడం వంశపారంపర్యంగా వచ్చే జబ్బు. రెండేళ్లు నిండిన తల్లిదండ్రులకు తుంటి ఎక్స్‌రే తీయిస్తే అది చాలావరకు ముందే తెలుస్తుంది. లాబ్రడార్లలో మెల్లగా చూపు పోయే జబ్బుకు జన్యు పరీక్ష ఉంది. ఈ పరీక్షల ఫలితాలు చూపించే బ్రీడర్‌కు ఎక్కువ డబ్బు ఇవ్వడంలో అర్థం ఉంది. కేవలం పత్రానికి ఎక్కువ ఇవ్వడంలో లేదు.

మన వాతావరణం ఇంకో పెద్ద విషయం. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పుతూ, నోటిలోని తేమ ఆవిరైతేనే ఒళ్లు చల్లబడుతుంది. గాలిలోనే నిండా తేమ ఉన్నచోట ఆ ఆవిరి సరిగా జరగదు. మే నెలలో కోనసీమ ఉక్కపోతలో మనమే నిలవలేం. ముక్కు అణిగిన పగ్ ఊపిరి తీసుకోవడానికే అవస్థ పడుతుంది. మంచు ప్రాంతాల కోసం రెండు పొరల బొచ్చుతో పుట్టిన హస్కీ రోజంతా ఏసీ గదిలో బందీగా బతుకుతుంది, కరెంటు పోతే దాని ప్రాణానికే గండం. డెల్టా ఇంటికి హస్కీని, సెయింట్ బెర్నార్డ్‌ను అమ్మే మనిషి మిగతా అన్ని నిబంధనలూ పాటించినా, అతన్ని బాధ్యత గల బ్రీడర్ అని నేను ఒప్పుకోను.

దళారి దగ్గరికి వెళ్లాక చాలామంది జాలికి లొంగిపోతారు. ఇరుకు బోనులో నీరసంగా ఉన్న పిల్లను చూసి, దీన్నయినా బయటపడేద్దామని డబ్బు ఇచ్చేస్తారు. ఆ మనసును తప్పు పట్టలేం. కానీ ఆ బోను సాయంత్రానికి మళ్లీ నిండుతుంది, అదే తల్లి మరో ఈతకు సిద్ధం చేయబడుతుంది. జాలితో ఇచ్చిన డబ్బుకూ ఇష్టంతో ఇచ్చిన డబ్బుకూ అతని జేబులో తేడా లేదు. అలాంటిచోట చేయవలసింది ఫొటోలు, చిరునామా దగ్గర పెట్టుకుని పోలీసులకు, పశుసంవర్ధక శాఖకు ఫిర్యాదు చేయడం.

దత్తత వైపు నిజాలు

దత్తత గురించి మాట్లాడేవారు కొన్ని సంగతులు దాచిపెడతారు. మంచి ఉద్దేశంతోనే దాచిపెడతారు, కానీ దాని ఫలితం కుక్కే అనుభవిస్తుంది. దెబ్బలు తిన్న కుక్క కొత్త ఇంట్లో మొదటి కొన్ని రోజులు అణిగిమణిగి ఉంటుంది. అది నెమ్మదితనమని మనం మురిసిపోతాం. రెండు మూడు వారాలు గడిచి కాస్త ధైర్యం వచ్చాక అసలు స్వభావం, అసలు భయాలు బయటపడతాయి. చీపురు ఎత్తితే గుర్రుమంటుంది, అన్నం గిన్నె దగ్గరికి ఎవరినీ రానివ్వదు. ఇంటిని పూర్తిగా తనదిగా అనుకోవడానికి నెలలు పడుతుంది. ఇదంతా ముందే చెప్పి, ఇబ్బందైతే తిరిగి తీసుకుంటామనేవారే మంచి షెల్టర్. కుక్కలో లోపమే లేదన్నట్టు చెప్పి ఈ రోజే తీసుకెళ్లమని తొందరపెట్టేవారు, కుక్కలు ఉండే చోటు చూపించనివారు దళారి కన్నా ఎక్కువ నమ్మదగినవారు కారు.

డెల్టా ఊళ్లలో పెద్ద షెల్టర్లు అరుదు. ఇక్కడ రక్షణ అంటే సాధారణంగా ఒక మనిషే. పెరట్లో ఏడెనిమిది కుక్కలకు చోటిచ్చిన ఒక ఉద్యోగో, రాత్రిళ్లు వీధి కుక్కలకు అన్నం పెట్టే నలుగురు కుర్రాళ్లో. వారి దగ్గర కాగితాలు ఉండకపోవచ్చు, కానీ ఆ కుక్క రోజూ ఏం చేస్తుందో వారికి తెలుసు. పిల్లలతో ఎలా ఉంటుంది, కోళ్ల వెంట పడుతుందా, ఉరుముకు భయపడుతుందా అని అడగండి. రెండు మూడుసార్లు వెళ్లి తాడు కట్టి నడిపించి చూడండి. పశువైద్యుడి దగ్గర రక్తపరీక్ష చేయించండి. గోమార్ల వల్ల వచ్చే జ్వరం పైకి కనిపించకుండా లోపల ఉండిపోవచ్చు.

పెద్ద కుక్కను దత్తత తీసుకోవడంలో ఉన్న గొప్ప సుఖం ఏమిటంటే, దాని స్వభావం మన కళ్లముందే ఉంటుంది. పిల్లను తెచ్చుకుంటే అది ఎలా పెరుగుతుందో ఊహించుకోవాలి. గోదావరి జిల్లాల్లో ఇప్పుడు ఎన్నో ఇళ్లలో పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. వెళ్లేముందు అమ్మానాన్నలకు తోడుగా ఉంటుందని లాబ్రడార్ పిల్లను తెచ్చి పెడతారు. ఏడాదికి అది 30 కిలోలవుతుంది. డెబ్బై ఏళ్ల మనిషి దాన్ని తాడుతో ఆపలేరు, ఆపబోయి పడితే తుంటి ఎముక విరుగుతుంది. అలాంటి ఇంటికి నాలుగైదేళ్ల వయసున్న, పరుగులు తీరిపోయిన, అరుగు మీద పడుకోవడానికి ఇష్టపడే దత్తత కుక్క సరిగ్గా సరిపోతుంది. పిల్లలు దూరం నుంచి పంపే ప్రేమ ఆ రూపంలో పంపితే బాగుంటుంది.

రొయ్యల చెరువుల కాపలాకు రాట్‌వీలర్, డాబర్‌మన్ తెచ్చేవారి సంగతి వేరు. చెరువు గట్టున పాక దగ్గర గొలుసుతో కట్టేసి, రోజుకోసారి అన్నం పడేస్తే ఏ కుక్కైనా పిచ్చెక్కినట్టు మొరుగుతుంది. దాన్ని కాపలా అనుకుంటారు. గొలుసు తెగిన రోజున అది మొదట కరిచేది దొంగను కాదు, మేత వేయడానికి వచ్చిన కూలీని. చెరువు దగ్గర పుట్టి పెరిగిన ఊరకుక్కలు రెండు ఉంటే, కొత్త అడుగుల చప్పుడు అవి ముందే పసిగడతాయి. అలికిడి తెలియజేయడానికి అంతకు మించి అక్కర్లేదు.

మన నేల కుక్కలు

కాపలా మాట వచ్చింది కాబట్టి జోనంగి గురించి చెప్పాలి. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్యనున్న కొల్లేరు చుట్టుపక్కల ఊళ్లది ఈ కుక్క. పొట్టి నునుపు బొచ్చు, నుదుటి మీద ముడతలు, సన్నని కండబలం. కోతలైన పొలాల్లో బాతుల మందలను మేపుకుంటూ తిరిగేవారికి ఇది చేతి కింద పనివాడిలా సాయపడేది. కొల్లేరు ప్రాంతమంతా చేపల చెరువులుగా మారాక ఆ పనీ తగ్గింది, ఆ కుక్కా తగ్గిపోయింది. ఇప్పుడు మన జాతులను కాపాడుకోవాలన్న స్పృహ పెరుగుతోంది, సంతోషమే. జోనంగిని నిజంగా తరతరాలుగా పెంచుతున్న ఇంటి నుంచి తల్లినీ తండ్రినీ చూసి తెచ్చుకుంటే అది మంచి బ్రీడర్ దగ్గర కొన్నదానితో సమానం. పేరుకు గిరాకీ వచ్చినచోట ముడతల నుదురున్న ప్రతి గోధుమరంగు పిల్లనూ జోనంగి అని అమ్మజూపేవారూ వస్తారు. అలాంటి గోధుమరంగు పిల్ల కావాలంటే వీధిలోనే ఉంది, ఊరికే ఇస్తారు.

వీధిలోని పిల్లను తెచ్చుకోవడానికీ ఒక లెక్క ఉంది. ఊరకుక్కలు ఎదకు వచ్చే ప్రధాన కాలం చిత్తకార్తె అని పల్లెల్లో అందరికీ తెలుసు. అంటే అక్టోబరు నడిమి రోజులు. కుక్క చూలు సుమారు 63 రోజులు కాబట్టి డిసెంబరు రెండో సగంలో పిల్లలు పుడతాయి. సంక్రాంతి సెలవులకు వచ్చిన పిల్లలు గడ్డివాము పక్కన వాటిని చూసి ముచ్చటపడి ఎత్తుకొస్తారు. అప్పటికి వాటికి నాలుగు వారాలు కూడా సరిగా నిండవు. శివరాత్రి నాటికి ఎనిమిది వారాలు నిండుతాయి. అప్పటిదాకా తల్లికి తిండి పెట్టి, పిల్లలను అక్కడే మచ్చిక చేసుకోవచ్చు.

ఆ ఈతలో మగపిల్లలకు ఇళ్లు దొరుకుతాయి, ఆడపిల్లలు రోడ్డు మీద మిగిలిపోతాయి. ఎదకు వస్తే ఇబ్బందని ఎవరూ తీసుకోరు. ఒక్క సంతాన నియంత్రణ శస్త్రచికిత్సతో ఆ ఇబ్బంది తీరిపోతుంది, పైగా మొదటి ఎదకు ముందే చేయిస్తే చన్నులకు వచ్చే గడ్డల బెడద బాగా తగ్గుతుంది. ఆడపిల్లను తెచ్చుకోమని నేను గట్టిగా చెబుతాను. దానితోపాటు దాని తల్లికి కూడా శస్త్రచికిత్స చేయించగలిగితే మేలు. లేకపోతే వచ్చే సంక్రాంతికి అదే గడ్డివాము పక్కన మళ్లీ ఆరు పిల్లలుంటాయి. 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధి కుక్కలకు శస్త్రచికిత్స, రేబిస్ టీకా చేయించి ఉన్నచోటే వదలడం స్థానిక సంస్థల బాధ్యత. పురపాలక కార్యాలయంలో అర్జీ ఇవ్వడానికి వెనకాడనక్కర్లేదు. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులో వీధి కుక్కను దత్తత తీసుకోదలచినవారు స్థానిక సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చని, అలా తీసుకున్న కుక్క మళ్లీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత వారిదేనని చెప్పింది.

ఎక్కడి నుంచి తెచ్చినా తప్పనివి

కొన్న కుక్కకు జబ్బులు రావు, వీధి కుక్కకే వస్తాయన్న అపోహ ప్రాణాలు తీస్తోంది. పార్వో వైరస్‌కు జాతితో పనిలేదు. నాలుగైదు ఊళ్ల పిల్లలను ఒకేచోట కలిపి అమ్మే దళారి గది దానికి మంచి నెలవు. వాంతులు, నెత్తురు విరేచనాలతో రెండు మూడు రోజుల్లో పిల్ల చేజారిపోతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా వేయించి, పదహారు వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి కొనసాగించాలి. ఇంట్లో పార్వోతో ఒక పిల్ల పోయి ఉంటే, ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతికే ఉంటుంది. మామూలు సబ్బుకు చావదు, బ్లీచింగ్ ద్రావణంతో కడగాలి. టీకాలు పూర్తికాని మరో పిల్లను ఆ ఇంట్లోకి వెంటనే తేకూడదు.

వరి నేలలో మరింత జాగ్రత్త పడవలసింది లెప్టోస్పైరోసిస్ గురించి. ఎలుకల మూత్రం ద్వారా చేలల్లో, బోదెల్లో, నిలవ నీటిలో కలిసే సూక్ష్మజీవి వల్ల వచ్చే జబ్బు అది. కుక్క ఆ నీరు తాగినా, పుండు ఉన్న కాలితో అందులో నడిచినా చాలు. కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి, కుక్క మూత్రం నుంచి మనుషులకూ సోకవచ్చు. చాలావరకు కుక్కలకు వేసే కలగలుపు టీకాలో దీనికి రక్షణ ఉంటుంది, కానీ అది ఏడాదికి మించి నిలవదు. ఏటా తొలకరికి ముందే వేయించుకుంటే మంచిది.

వరద సంగతీ కుక్కను ఎంచుకునేటప్పుడే ఆలోచించాలి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి నీరు వచ్చినప్పుడు లంక గ్రామాలు మునిగాయి. అలాంటప్పుడు పడవ మీద మనుషులకే చోటు చాలదు. 15 కిలోల ఊరకుక్కను ఒళ్లో పెట్టుకుని వెళ్లవచ్చు, 45 కిలోల రాట్‌వీలర్‌ను భయంతో గింజుకుంటుండగా పడవ ఎక్కించడం వేరు. ఎలాగూ తీసుకెళ్లలేని పరిస్థితే వస్తే, గొలుసు విప్పకుండా మాత్రం ఇల్లు వదలకూడదు.

ఇవన్నీ ఆలోచించాక ఇప్పుడు కుక్క వద్దనిపిస్తే ఆ నిర్ణయం కూడా సరైనదే. ఇంట్లోకి తేకుండానే వీధి చివర తిరిగే కుక్కకు చేయగల మేలు ఉంది. 1885 జులై 6న లూయీ పాశ్చర్ ఒక బాలుడికి రేబిస్ టీకా వేశాడు. ఆ తేదీనే ఏటా జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినోత్సవంగా జరుపుతారు. ఆ రోజు ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. మచ్చికైన వీధి కుక్కనైనా తాడు కట్టి తీసుకెళ్లవచ్చు.